అత్తగారి ఫోన్ నంబరు

ఆ రోజు పొద్దున్నే స్టోర్‌కీపరు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పాత గోడౌన్ మూతపడిన దగ్గర్నుంచీ ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి ఉద్యోగానికీ గుడ్డెద్దు చేలో పడ్డట్టు దరఖాస్తు పెట్టి అలిసిపోయాడు. ఇన్నాళ్ళకు మనసైనది ఒకటి కనిపించింది: వెనక వీధిలోనే మందుల గోడౌన్. ఇది కూడా తప్పిపోతే కాపురం ఎత్తేసి వేరే ఊరు పోవాల్సిందే.

తన ఫోన్ బకెట్లో మునిగి రిపేరు షాపులో ఉంది. భార్య ఫోన్ ఆమెతోపాటే ఆఫీసుకు వెళ్ళింది. ఇక మిగిలింది అత్తగారి ఫోను. దరఖాస్తులో 'అత్తగారి నంబరు' అని రాసి అదే ఇచ్చాడు.

"అత్తయ్యా, నాకోసం ఎవరైనా చేస్తే కాస్త వివరాలు కనుక్కోండి" అని చెప్పి రిపేరు షాపుకు బయల్దేరాడు. ఎవరితో ఏం చెబుతున్నాడో చూసుకోవద్దూ! లాటరీ తగిలిందన్న ఫోన్‌ను నమ్మి ఒకసారి చేతులు కాల్చుకున్నప్పటి నుంచీ, తెలియని గొంతు వినిపిస్తే చాలు, ఆవిడ నడుం బిగిస్తుంది.

ఫోన్ రానే వచ్చింది. "అమ్మా, మందుల కంపెనీ నుంచండీ. మీ అల్లుడుగారి పుట్టినతేదీ చెప్తారా?" అంది ఒకమ్మాయి.

"చెప్తా. ముందు నీది చెప్పు!"

అమ్మాయి తడబడింది. దొంగ దొరికిందనుకుంది అత్తగారు. "మీ పైవాణ్ణి పిలువు!"

మేనేజరు వచ్చాడు. ఆయన్ని వీడియోలోకి రమ్మంది. బోర్డు చూపించమంది. చూపించాడు.

"బోర్డు ఎవడైనా రాయిస్తాడు నాయనా. లోపల చూపించు."

ఆయనకూ పంతం వచ్చినట్టుంది, గోడౌనంతా తిప్పాడు.

"ఆ మూల పెట్టెలేంటి?"

"కొత్త సప్లయరు పంపాడండి."

"వాడి ఆఫీసు చూశావా? మనిషిని చూశావా?"

"అంతా ఫోన్లోనే మాట్లాడుకున్నామండి" అన్నాడు మేనేజరు.

"చూడకుండానే మందులు దింపుకున్నావా! నువ్వు దొంగవో అమాయకుడివో తేలట్లేదు. పెట్టెయ్ ఫోను!"

అల్లుడు తిరిగొచ్చేసరికి ఆవిడ మొహం వెలిగిపోతోంది. "నాయనా, మందుల కంపెనీ అని ఇద్దరు దొంగలు చేశారు. వాయించి వదిలిపెట్టా!"

"కొంప ముంచారత్తయ్యా! నేను దరఖాస్తు పెట్టింది వాళ్ళకే!" అంటూ అతను కుర్చీలో కూలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ.

"అయ్యో, నా నోరు మండ! పద, నేనే వచ్చి వాళ్ళని బతిమాలతా" అని ఆవిడ చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగా ఫోన్ మళ్ళీ మోగింది. మేనేజరే.

"అమ్మా, మీరు తిట్టాక మనిషిని పంపించాం. ఆ సప్లయరు ఇచ్చిన అడ్రసులో ఉన్నది ఖాళీ స్థలం! సరుకంతా నకిలీ. మాతో పని పెట్టుకునేవాళ్ళ వివరాలు సరిచూడ్డానికి మీలాంటి మనిషే కావాలి. వస్తారా?"

అలా అత్తగారు ఉద్యోగంలో చేరింది. ఇంట్లో మళ్ళీ నవ్వులు వినిపించాయి. వేరే ఊరి మాట ఎవరూ ఎత్తలేదు. స్టోర్‌కీపరుకు కూడా ఉద్యోగం ఖాయమైనట్టే, కొత్తగా చేరేవాళ్ళ వివరాలు సరిచూసే తతంగం ఒక్కటే మిగిలింది.

ఆ పని అత్తగారిది. ఇంకా సరిచూస్తూనే ఉంది.