ఇంటర్ పాసైన ఇనుము

కామారెడ్డి జిల్లాను ఇంటర్‌మెటాలిక్ లోహాల రాజధానిగా తీర్చిదిద్దేవరకు మెడలో దండ వేయించుకోనని లోహోద్ధరణ మండలి చైర్మన్ లక్ష్మీరాజం గారు దండ వేయించుకుంటూ ప్రకటించారు. సభలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ఘనీ. ఎల్లారెడ్డిలో వెల్డింగ్ షాపు పెట్టిన ఇన్నేళ్లకు, తన పని గురించి మాట్లాడిన నాయకుణ్ని అతను చూడటం అదే మొదలు.

హైదరాబాద్ ల్యాబు ఇంజనీరు సుష్మితతో కలిసి రెండేళ్లు తంటాలు పడి, ఇనుమూ అల్యూమినియమూ లెక్క ప్రకారం కలిపి, రాయి తగిలితే విరగకుండా కాస్త క్రోమియం చేర్చి, ఘనీ ట్రాక్టరుకు తగిలించి దున్నే రోటవేటర్‌కు బ్లేడ్లు పోశాడు. మామూలు బ్లేడు అరిగిపోయే పొలంలో ఇవి మూడింతల పని చేశాయి. కానీ మండలి సర్టిఫికెట్ లేనిదే దుకాణాలవాళ్లు వాటిని ముట్టుకోబోమన్నారు. నాట్లకు పదిహేను రోజులే గడువుంది. ఈ సీజన్ దాటితే షాపు మూసి మళ్లీ దుబాయ్ పోవడమే. భార్య బిల్కిస్ అప్పుడే పాస్‌పోర్టు వెతికి పెట్టింది.

మర్నాడే ఘనీ, సుష్మిత చైర్మన్ గారి ఛాంబర్లో నిలబడ్డారు.

"ఏం లోహం భాయ్?"

"ఇంటర్‌మెటాలిక్ సార్."

"ఫస్టియరా, సెకండియరా?"

సుష్మిత కంగారు పడింది. "ఇంటర్ అంటే చదువు కాదు సార్. రెండు లోహాల పరమాణువులు వరుసగా, ఎవరి చోట్లో వాళ్లు కూర్చోవడం..."

"పరీక్షంటే గదే గదమ్మా!"

పీఏ ప్రేమ్‌కుమార్ ఆ మాటను డైరీలో రాసుకున్నాడు. ల్యాబు రెండేళ్లలో అందుకోలేని లోతును చైర్మన్ గారు టీ చల్లారేలోపే అందుకున్నారు. సాయంత్రానికల్లా మండలిలో ఇంటర్ పరీక్షల సెక్షన్ వెలిసింది.

సెక్షన్ ఆఫీసరు పద్మలత ఫారం తీసింది.

"తండ్రి పేరు?"

"ఇనుము మేడం."

"తల్లి?"

"అల్యూమినియం."

"సెకండ్ లాంగ్వేజ్?"

ఘనీ బ్లేడు వంక చూశాడు. "నా షాపుల పుట్టింది మేడం. ఉర్దూ రాయుండ్రి."

"మూడు గంటలు కదలకుండ కూసుంటదా?"

"ఎవరన్న లేపేదాక కూసుంటది."

అన్నమాట ప్రకారం బ్లేడు బెంచీ మీద మూడు గంటలు కదల్లేదు. ఇంత క్రమశిక్షణ గల అభ్యర్థిని తన సర్వీసులో చూడలేదని పద్మలత రిమార్కు రాసింది. ప్రాక్టికల్స్ మాత్రం సుష్మిత పట్టుబట్టి నాగిరెడ్డిపేటలో, కిష్టయ్య అనే రైతు పొలంలో పెట్టించింది. నాట్ల కోసం బురదగా దున్నే కరిగట్టులో బ్లేడు పొద్దంతా తిరిగింది. తూకం వేస్తే పిసరంత కూడా తగ్గలేదు. సుష్మిత ఆనందం పట్టలేక బురదలోనే గెంతింది.

"నా పొలంకు చదువెందుకు గని, మస్తు తిరుగుతుంది ఘనీ భాయ్! సర్టిఫికెట్ రాంగనే నాకో సెట్టు," అన్నాడు కిష్టయ్య. గట్టు మీదున్న రైతులందరూ తమకూ కావాలన్నారు. ఘనీ ఇంటికి ఫోన్ చేసి, పాస్‌పోర్టు లోపల పెట్టెయ్యమని బిల్కిస్‌కు చెప్పాడు.

పదకొండో రోజు సర్టిఫికెట్ వచ్చిందని కబురు. ఘనీ పరుగున కామారెడ్డి చేరాడు. బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ: 'ఇంటర్ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులైన లక్ష్మీరాజం గారికి శుభాకాంక్షలు.' ఈ వయసులో చదువుకున్నారే అని ఘనీకి గౌరవం రెట్టింపైంది.

మండలి ఆఫీసులో ప్రేమ్‌కుమార్ సర్టిఫికెట్ జిరాక్సు చేతికిచ్చాడు. అరుగుదలకు తట్టుకొనుట: 96. తుప్పు పట్టకుండుట: 94. ప్రవర్తన: నిశ్చలం. అభ్యర్థి పేరు: లక్ష్మీరాజం.

ఘనీ రెండుసార్లు చదివాడు. "సార్, గిది నా బ్లేడు సర్టిఫికెట్ గద?"

"మార్కులన్ని నీ బ్లేడువే భాయ్. ఒక్క అంకె ముట్టుకోలే. పేరొక్కటే సార్‌ది."

"నాట్లకు నాలుగు రోజులే ఉన్నది సార్. నేను దుకాణంల ఏం చూపియ్యాలె? బ్లేడ్లు ఎట్ల అమ్మాలె?"

ప్రేమ్‌కుమార్ నొచ్చుకున్నాడు.

"గంత తెలివైనదాన్ని బురదల తిప్పుతవా భాయ్? సార్ డిగ్రీ ఎవరు రాయాలె?"