వాసవాంబగారి తలంటు

ఆ ఆదివారం బాలామణి తెల్లవారకముందే లేచి, ఉన్నవాటిలో మంచి నేతచీర కట్టుకుని, కొత్త పాళీ వేసిన కలం చేతిసంచిలో పెట్టుకుంది. నందిగామ వెళ్ళి హిందీ పరీక్ష రాయాలి. స్వరాజ్యం వచ్చి రెండేళ్ళయింది. దాంతో ఏం చేయాలో జగ్గయ్యపేటలో చాలామందికి ఇంకా తేలలేదు గానీ బాలామణికి తేలింది.

అత్తగారు వాసవాంబ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగి మంచం పట్టినప్పటినుంచీ బాలామణి వీధి చివరకైనా వెళ్ళి ఎరగదు. పక్కింటి పంతులమ్మ భారతీదేవి పిట్టగోడ అవతల నిలబడి పాఠం చెబితే, ఇవతల అత్తగారి పక్కబట్టలు ఉతుకుతూ నేర్చుకుంది. పరీక్ష పాసైతే ఆడపిల్లల బడిలో రోజూ ఒక గంట హిందీ చెప్పే పని ఇప్పిస్తానని భారతీదేవి మాటిచ్చింది. గంటంటే ఎంత. కానీ ఆ ఇంట్లో బాలామణిదంటూ అంతవరకు ఒక్క గంట కూడా లేదు.

భర్త కుటుంబరావుది బజారులో కిరాణా కొట్టు, వెనకే ఇల్లు. "నువ్వెళ్ళు. ఇందులో ఏముంది, అమ్మని నేను చూసుకుంటా" అన్నాడు. ఏముందో తెలియనివాళ్ళకు ధైర్యం ఎక్కువ.

"జావ పల్చగా కాచండి. ఆదివారం కదా, తలంటడం మర్చిపోకండి" అని చెప్పి, బాలామణి భారతీదేవితో కలిసి మొదటి బస్సెక్కింది.

ఆదివారం సంత పుంజుకునే వేళకు తల్లి పనులు ముగించి కొట్టు తెరవాలని కుటుంబరావు ఎత్తు. మొదటి జావ మాడింది. రెండోది గడ్డకట్టింది. కండువా భుజాన వేసుకున్నప్పుడల్లా తల్లి పిలిచింది. ఒకసారి దాహం, ఒకసారి దిండు, ఒకసారి ఎందుకు పిలిచానో మర్చిపోయానంది. కొట్టు పలకలు వేసినవి వేసినట్టే ఉండిపోయాయి. బాలామణి రోజూ ఇవన్నీ చేస్తూ వంట కూడా ఎలా చేస్తోందో అతనికి అంతుబట్టలేదు.

తరవాత పెరట్లో నీళ్ళపొయ్యి కనబడలేదు. వానకు తడవకుండా బాలామణి దానిమీద గంప బోర్లించి వెళ్ళింది. అది కోళ్ళగంప అనుకుని కుటుంబరావు పక్కనుంచి తప్పుకుపోయాడు. తమ ఇంట్లో కోళ్ళు లేవన్న సంగతి అతనికి తట్టలేదు. వెతికి వేసారి, మూడు ఇటుకలు తెచ్చి వీధి గుమ్మం ముందే పేర్చి, కాగు ఎక్కించి, తడికట్టెలు అంటించాడు. ఆ మంట అంటుకునేలోగా మంచం మీద నూనె ఓడుతుందని తల్లిని ఎత్తి ముందుగదిలో చాపమీద పడుకోబెట్టి, మాడుకి నూనె పట్టించాడు. అన్నిటికీ వంకలు పెట్టే వాసవాంబ ఆ మర్దనాకి హాయిగా నిద్రపోయింది. ఈగలు వాలకుండా తెల్లపంచె ముఖందాకా కప్పి, అతను పొయ్యి ఊదడానికి వెళ్ళాడు.

సంతరోజు వర్తకుడి కొట్టు మూసి ఉందంటే ఆ పేటలో అర్థం ఒకటే. వీధిలో నీళ్ళు కాగుతున్నాయంటే అర్థం ఒకటే. ఇంటి పెద్దను నేలమీద పడుకోబెట్టి తెల్లబట్ట కప్పారంటే ఇక అడగాల్సిన పనే లేదు. పైగా కొడుకు పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళనీళ్ళు కారుస్తున్నాడు. ఎదురు బట్టలకొట్టు చెన్నకేశవరావు పరుగున వచ్చి ఏమైందని అడిగితే, పొగకు గొంతు పట్టేసిన కుటుంబరావు మాట పెగలక లోపలికి చెయ్యి చూపించి, కుంకుడుకాయలు దంచడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

పెద్దతలకాయ పోతే బజారంతా మూయడం అక్కడి వర్తకుల కట్టుబాటు. చెన్నకేశవరావు తన పలకలు వేశాడు. అది చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఆ పక్కవాడు. ఉప్పుకీ కిరసనాయిలుకీ వచ్చిన పల్లెల జనం నడిబజారులో నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. దంచుతూ మధ్యలో తొంగిచూసిన కుటుంబరావు, ఏదో హర్తాళు కాబోలు, బేరం పోయింది తనొక్కడికే కాదు కదా అని సంతోషించాడు. ఈలోగా వెదురుబొంగులకు మనుషులు వెళ్ళారు. కుటుంబరావు కొట్లో తూకం వేసే సాంబయ్య, లోపలికి వచ్చి కళ్ళొత్తుకుని, కోడల్ని తీసుకురావడానికి లారీలో నందిగామ బయల్దేరాడు.

అక్కడ బాలామణి సగం ప్రశ్నలు రాసి హుషారు మీదుంది. సాంబయ్య కిటికీ దగ్గరకొచ్చి చెప్పగానే కలం చేతిలోంచి జారింది. ఎన్ని తిట్టినా ఆ మనిషి ఇన్నాళ్ళూ తన చేతుల్లో బతికింది. ఏడుపు తన్నుకొచ్చింది. బయటికి వెళితే మళ్ళీ లోపలికి రానివ్వడం కుదరదని, కాపలా ఉన్న మాస్టారు నొచ్చుకుంటూనే చెప్పాడు.

బాలామణి లేచి, రెండడుగులు వేసి ఆగింది.

"నువ్వు కళ్ళారా చూశావా సాంబయ్యా?"

"చూశానమ్మగారూ. కింద పడుకోబెట్టారు. వీధిలో కాగు పెట్టారు. పొయ్యి దగ్గర అయ్యగారి ఏడుపు చూళ్ళేకపోయా."

"కట్టెలు తడివా?"

"తడివేనమ్మా. ఒకటే పొగ."

"అత్తయ్య తలకి నూనె ఉందా?"

"చాపమీదికి కారిపోతోందమ్మా."

బాలామణి కళ్ళు తుడుచుకుంది. "ఇవాళ తలంటమని నేనే చెప్పి వచ్చా. నువ్వెళ్ళి, తలంటాక సాంబ్రాణి వెయ్యమను" అని వెనక్కి వచ్చి కూర్చుంది. లెక్క తప్పితే పేటలో జన్మలో తల ఎత్తుకోలేదు. అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడుతున్నా ఆపకుండా రాసింది.

పేటలో అప్పటికి ఆడవాళ్ళు వాసవాంబ చుట్టూ చేరి శోకాలు మొదలుపెట్టారు. వెనకవీధి సుబ్బమ్మది పెద్ద గొంతు. వదినలాంటి మనిషి లేదంది, కోడలు గడప దాటకుండా చేసిందంది, తామెవరూ ఒక్కపూటైనా ఆ పిల్లకు సాయం రాలేదని గుండెలు బాదుకుంది. వాసవాంబకు ఎప్పుడో మెలకువ వచ్చింది. కానీ ఇంతమంది తన దగ్గర కూర్చుని ఎన్నాళ్ళయిందో. కళ్ళు మూసుకునే అంతా విన్నది. తన ఇత్తడి బిందె సుబ్బమ్మ దగ్గరే ఉండిపోయిన సంగతి కూడా బయటపడ్డాక పంచె పక్కకు తీసి, "నీళ్ళు కాగాయా?" అంది.

గది క్షణంలో ఖాళీ అయింది. సుబ్బమ్మ కుంకుడుకాయలతో వస్తున్న కుటుంబరావును గుద్దుకుని మరీ పారిపోబోయింది.

"ఆగండే" అంది వాసవాంబ. "చచ్చానంటే బజారంతా కట్టగట్టుకొచ్చారు. బతికుండగా ఒక్కత్తె రాలేదు. వచ్చారుగా, తలంటి మరీ వెళ్ళండి."

సాయంత్రం బస్సు దిగిన బాలామణికి మొదట కనబడినవి గుమ్మంలో వెదురుబొంగులు. లెక్క తప్పిందనుకుని, ఏడుస్తూ లోపలికి పరిగెత్తింది. గది నిండా సాంబ్రాణి పొగ, ఆడవాళ్ళ నవ్వులు. మధ్యలో దిండుకానుకుని వాసవాంబ, ఒళ్ళో ఇత్తడి బిందె.

"రాశావటే?"

"రాశా అత్తయ్యా" అంది బాలామణి, ఏడుపూ నవ్వూ కలిసిపోయి.

"అయితే బడికెళ్ళు. రోజుకొకత్తె వచ్చి నా దగ్గర కూర్చుంటుంది. సాయం రాలేదని వీళ్ళే ఏడుస్తూ ఒప్పుకున్నారు, నేనేం బలవంతపెట్టలా."

కొన్నాళ్ళకు ఫలితాలు వచ్చాయి. బాలామణి పాసైంది. అదే వారం కుటుంబరావు పెరట్లో గంప ఎత్తి చూసి, నీళ్ళపొయ్యి కనిపెట్టాడు.