బ్రూమ్ దాకా ఉచితం

గురువారం ఉదయం క్లైవ్ హార్ట్‌నప్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి షెడ్డులో వేలాడుతున్న పాత సైకిల్‌ని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాలి. పదింటికి టీ తాగాలి. పదకొండింటికల్లా టాస్మేనియా దీవిలోని తమ పెంగ్విన్ ఊరి సముద్రపు ఒడ్డున గాలం వేసుకుని కూర్చోవాలి. ఆదివారం అతని భార్య నొరీన్‌కి కుండలు చేసే చక్రం వస్తోంది. దానికి షెడ్డులో చోటు కావాలి. చోటంతా ఆ పాత మార్లాక్ కంపెనీ సైకిలే ఆక్రమించుకుని ఉంది.

"అమ్మకానికి నేను పెట్టనా?" అని నొరీన్ ముందురోజే అడిగింది.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపినవాణ్ణి. ఒక సైకిల్‌ని అమ్మలేనా?"

"బస్సు దారి ఎప్పుడూ ఒకటేగా మరి" అంది నొరీన్, పిండి కలుపుతూ.

ఆ మాట క్లైవ్‌కి గుచ్చుకుంది. అందుకే పొద్దున్నే ఆవిడ పెరట్లో ఉన్నప్పుడు ఫోన్ పట్టుకుని షెడ్డులో దూరాడు. నాలుగు ఫొటోలు తీశాడు. ఒకదాంట్లో అతని బొటనవేలు కూడా పడింది. ధర ఎనభై డాలర్లని రాశాడు. చివర్లో రవాణా ఖర్చు గురించి ఏదో అడుగుతూ మూడు సున్నాలు, వాటి పక్కన అలుక్కుపోయిన అక్షరాలు కనిపించాయి. కళ్ళజోడు ఫ్రిజ్ మీద ఉంది. దానికోసం ఇంట్లోకి వెళ్తే నొరీన్ ఎదురుపడి ఎంతవరకూ వచ్చిందని అడుగుతుంది. మధ్య సున్నా మీద వేలు నొక్కేశాడు.

ఎనిమిది నిమిషాల్లో సైకిల్ అమ్ముడుపోయింది. డబ్బు కూడా పడింది. క్లైవ్ తన తెలివికి తనే మురిసిపోతూ, ఇంట్లోకి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని కొన్నావిడ పంపిన సందేశం చదివాడు.

"రెండేళ్ళుగా వెతుకుతున్నాను. మీలాంటి మనిషి దొరకడం నా అదృష్టం. రవాణా ఖర్చు కూడా మీరే పెట్టుకుంటానన్నారు. ఈ రోజుల్లో ఎవరంటారండీ అలా? - రోసాల్బా క్విన్‌ట్రెల్, బ్రూమ్."

బ్రూమ్ అన్న మాట చూడగానే క్లైవ్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. టాస్మేనియా నుంచి సముద్రం దాటి, మెల్‌బోర్న్ చేరి, అక్కణ్ణుంచి ఎడారంతా కొలుచుకుంటూ ఖండానికి అవతలి మూలకి పోతే గాని ఆ ఊరు రాదు. బేరం రద్దు చేసుకుందామంటే, ఆ ఖాతా నొరీన్ పేరున ఉంది. రద్దు మీట నొక్కితే మాత్రం మరుక్షణం కబురు ఆవిడ మెయిల్‌కే పోతుంది. దానికంటే సైకిల్‌ని తనే తొక్కుకుంటూ బ్రూమ్ వెళ్ళడం నయమనిపించింది.

సామాన్ల కొట్టులో అడుక్కుని ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చి, సైకిల్‌ని అందులో దూర్చి, తపాలా కార్యాలయానికి మోసుకెళ్ళాడు. కౌంటర్‌లో మేవ్ ఉంది. చిన్నప్పుడు పన్నెండేళ్ళు అతని బస్సులోనే బడికి వెళ్ళిన పిల్ల.

"ఏంటి బాబాయ్, పిన్నిని పంపించేస్తున్నావా?"

"సైకిలమ్మా. బ్రూమ్‌కి. ఎంతవుతుంది?"

మేవ్ టేపు తీసి పెట్టెని నిలువునా అడ్డంగా కొలిచింది. "మూడు వందల పన్నెండు డాలర్లు."

"పన్నెండు కిలోలే ఉందే!"

"బరువు కాదు బాబాయ్, ఎంత చోటు తింటుందో దాన్నిబట్టి లెక్క. నీ పెట్టెలో సగం గాలే."

"గాలికి కూడా డబ్బులు కట్టాలా?"

"కట్టాలి మరి. పెంగ్విన్ గాలిని బ్రూమ్ దాకా మోసేది వాళ్ళే కదా."

క్లైవ్ పెట్టె వెనక్కి మోసుకొచ్చి, షెడ్డు తలుపు గడియ వేసుకుని సైకిల్‌ని విప్పడం మొదలుపెట్టాడు. చక్రాలు ఊడదీశాడు. పెడల్స్ నలభై ఏళ్ళ తుప్పుతో అతుక్కుపోయి ఉంటే సుత్తితో బాదాడు.

"ఏంటా చప్పుడు?" పెరట్లోంచి నొరీన్ కేకేసింది.

"సర్దుతున్నా!"

"పగలగొడుతున్నట్టుంది!"

"సర్దడమంటే అదే!"

రెండోసారి మేవ్ కొలిస్తే రెండు వందల అరవై నాలుగు. విడదీసి రెండు పెట్టెల్లో పెట్టి మూడోసారి తీసుకెళ్తే రెండు వందల ఎనభై ఎనిమిది. పైగా ఈసారి క్యూలో ముగ్గురు నిలబడి అతని వంక జాలిగా చూశారు.

"పోనీ మధ్యకి రంపంతో కోసేస్తే?" అన్నాడు క్లైవ్, గొంతు తగ్గించి.

"కోసెయ్. అప్పుడు పార్సిల్ మీద 'సైకిల్' అని కాకుండా 'ఇనుము' అని రాస్తాను" అంది మేవ్.

పన్నెండు గంటలకి క్లైవ్ షెడ్డులో ముక్కల మధ్య కూర్చుని ఫోన్‌లో దిక్కుతోచక వెతుకుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఒక ప్రకటన కంటబడింది. "పాత మార్లాక్ సైకిల్. ఆకుపచ్చ. చిన్న మరమ్మతు ఉంది. అరవై డాలర్లు. వచ్చి తీసుకెళ్ళాలి. బ్రూమ్." పెట్టినవాడి పేరు ఆస్బర్న్.

క్లైవ్ నిటారుగా లేచి కూర్చున్నాడు. అదే కంపెనీ, అదే కాలం, అదే రంగు. మార్లాక్ వాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఆకుపచ్చ తప్ప ఇంకో రంగు వేసి ఎరగరు. ఆ ఊళ్ళో ఉన్న సైకిల్‌నే కొని ఆ ఊళ్ళో ఉన్న మనిషికి ఇప్పిస్తే సముద్రమూ లేదు, ఎడారీ లేదు, గాలికి కట్టే డబ్బులూ లేవు! తన సైకిల్ ముక్కల్ని చర్చివాళ్ళ పాతసామాన్ల కొట్టుకి ఇచ్చేస్తే సరి. మనసులో ఏ మూలో కాస్త పీకింది. 'మరమ్మతు నాదానికీ ఉందిగా' అని దాని నోరు నొక్కేశాడు.

ఇంటికి చేరవేసినందుకు పెట్రోలు ఖర్చుకి ఇరవై కలిపి, ఆస్బర్న్‌కి ఎనభై డాలర్లు కట్టేశాడు. తనకొచ్చిందీ ఎనభయ్యే. పైసా నష్టం లేదు. ఆ సంబరంలో సందేశం కూడా కాస్త వివరంగానే రాశాడు.

"ఈ సైకిల్‌ని రోసాల్బా క్విన్‌ట్రెల్ గారికి ఇవ్వండి. చిరునామా కింద ఉంది. ఆవిడ నాకోసం ఎదురుచూస్తూ ఉంటారు. క్లైవ్ పంపాడని చెప్పండి చాలు. మీ దగ్గర కొన్న సంగతి మాత్రం మనిద్దరి మధ్యే ఉండాలి. ఏదైనా ఉంటే ఈ నంబర్‌కి చెయ్యండి."

ఇచ్చింది ఇంటి నంబర్. మోగింది పది నిమిషాల్లో. క్లైవ్ చేతులకున్న నల్లటి జిడ్డు కడుక్కునేలోపు నొరీన్ ఎత్తింది.

"క్లైవ్ ఎవడు?" అవతల మగగొంతు కస్సుమంది.

"మా ఆయన. మీరెవరు?"

"ఆస్బర్న్‌ని. బ్రూమ్ నుంచి. మీ ఆయన మా ఆవిడకి సైకిల్ కొనిపెడుతున్నాడమ్మా! ఆ సంగతి మీకు తెలుసా?"

నొరీన్ నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "తెలీదు. చెప్పండి."

"నా దగ్గరే కొని, నాతోనే నా పెళ్ళానికి ఇప్పిస్తున్నాడు! పైగా ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుందట! మనిద్దరి మధ్యే ఉండాలట! నాకు ఇరవై డాలర్లు పెట్రోలు ఖర్చు కూడా ఇచ్చాడండీ!"

ఫోన్‌లోంచి గదంతా వినబడుతున్న ఆ అరుపులకి క్లైవ్ తడి చేతులతోనే తలుపు దగ్గరికి వచ్చాడు. నొరీన్ చెయ్యి చాపింది. అతను తన ఫోన్ ఆ చేతిలో పెట్టాడు. ఆవిడ మొదటి సందేశం పైకి చదివింది. "'రెండేళ్ళుగా వెతుకుతున్నాను. మీలాంటి మనిషి దొరకడం నా అదృష్టం.'" కళ్ళజోడు మీంచి క్లైవ్‌ని కింద నుంచి పైదాకా చూసింది. "నీలాంటి మనిషి" అంది మళ్ళీ. కోపంగా కాదు, నమ్మలేనట్టు.

"నొరీన్, అది సైకిల్ గురించి..."

"రెండేళ్ళా!" అని అవతల ఆస్బర్న్ అరిచాడు. "రోసీ! ఇలా రా! రెండేళ్ళ నుంచీ సాగుతోందట!"

అవతల చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు, ఆ తర్వాత ఒక ఆడగొంతు. "ఏం సాగుతోంది? ఎవరితో? ఏదీ, చూపించు... ఇదేంటి, ఇది నా సైకిల్ ఫొటో! నా సైకిల్‌ని అమ్మకానికి పెట్టావా?"

"అంటే... రెండేళ్ళుగా వరండాలో పడుందిగా..."

"మా నాన్న నా మొదటి ఉద్యోగానికి కొన్న సైకిల్‌ని అరవై డాలర్లకి అమ్ముతావా!"

"ఎనభై" అన్నాడు ఆస్బర్న్ నీరసంగా.

ఆ తర్వాత కాసేపు ఫోన్‌లో ఒకరి మాటలే వినిపించాయి. అవి ఆస్బర్న్ మాటలు కావు. నొరీన్ శ్రద్ధగా విన్నది. ఒకటి రెండుచోట్ల తల కూడా ఊపింది. రోసాల్బా ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు నొరీన్ అందుకుంది.

"రోసాల్బా గారూ, నేను నొరీన్‌ని. మీకు సైకిల్ అమ్మిన మహానుభావుడి భార్యని."

"మీ ఆయన నా సైకిల్‌నే నాకు అమ్మాడండీ!"

"ఎందుకమ్మాడో అడుగుతాను ఉండండి." నొరీన్ క్లైవ్ వైపు తిరిగింది. "ఎందుకు?"

క్లైవ్ చెప్పాడు. కళ్ళజోడు, మధ్య సున్నా, పెట్టె, గాలి, మేవ్, మూడు వందల పన్నెండు డాలర్లు. చివర్లో "నీతో చెప్తే నవ్వుతావని..." అని ఆగిపోయాడు.

నొరీన్ నవ్వలేదు. నవ్వింది రోసాల్బా. ఆవిడ నవ్వు ఎంతసేపటికీ ఆగకపోతే, ఆస్బర్న్ మంచినీళ్ళు తేవడం కూడా వినిపించింది.

"అసలు సైకిల్ ఎవరిక్కావాలండీ?" అంది ఆవిడ చివరికి. "నా సైకిల్‌కి గేరు మీట విరిగింది. కంపెనీ ఎప్పుడో మూతబడింది, ఎక్కడా విడిగా దొరకదు. మీరు ఊరికే పంపిస్తామన్నారని మొత్తం సైకిలే కొనేశాను. మీట ఒక్కటి తీసుకుని మిగతాది పారేద్దామనుకున్నాను."

క్లైవ్ షెడ్డులోకి పరిగెత్తాడు. గేరు మీట బల్ల మీద విడిగానే ఉంది. అతని బొటనవేలంత ఉంది. తపాలా కార్యాలయంలో మేవ్ దాన్ని చిన్న కవర్లో పెట్టి తూచి పదకొండు డాలర్లంది. "దీనికి గాలి పట్టలేదు బాబాయ్" అని కూడా అంది.

ఈలోపు లెక్కలు ఆడవాళ్ళిద్దరే తేల్చేశారు. రోసాల్బా ఇచ్చిన ఎనభై క్లైవ్ దగ్గరే ఉంటుంది. క్లైవ్ ఇచ్చిన ఎనభై ఆస్బర్న్ దగ్గరే ఉంటుంది. ఎవరి సైకిల్ వాళ్ళది, మీట మాత్రం రోసాల్బాది. క్లైవ్ దగ్గర మిగిలిన ముక్కలు ఆదివారం చక్రం వచ్చేలోపు చర్చివాళ్ళ కొట్టుకి.

"అందులో పెట్రోలు ఖర్చు ఇరవై మాత్రం నాదే..." అని ఆస్బర్న్ సణిగాడు.

"వరండాలోంచి వరండాలోకి తెచ్చినందుకా?" అంది అతని భార్య.

తర్వాతి బుధవారం రోసాల్బా ఆ మీట బిగించుకుని, సైకిల్ మీద సముద్రపు ఒడ్డుకి వెళ్ళొచ్చి, అందరూ చూసేలా అమ్మకందారు గురించి రెండు ముక్కలు రాసి ఐదు నక్షత్రాలిచ్చింది. "చెప్పినట్టే రవాణా ఖర్చు ఒక్క సెంటు కూడా తీసుకోలేదు. ఈయన పెట్టె కట్టకముందే సైకిల్ మా ఇంట్లో ఉంది. ఇంత వేగం నేనెక్కడా చూడలేదు."

క్లైవ్ దాన్ని కాగితం మీద అచ్చు వేయించి, ఫ్రిజ్‌కి అంటించి, వచ్చిన ప్రతివాళ్ళకీ చదివి వినిపించాడు. నొరీన్ దాన్ని రెండుసార్లు మొదట్నుంచి చివరిదాకా చదివింది, ఒక్క అబద్ధమైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు.