అలీ పంచాయితీ తెగేదాకా

బాక్సింగ్ చరిత్రలో ఇంతవరకు మహావీరుడెవడూ ఓడిపోలేదు! ఓడినట్టు రికార్డుల్లో ఉంటే ఉండనివ్వండి. రికార్డులు రాసేవాళ్లకేం తెలుసు? వీరుడు ఓడిన ప్రతిసారీ ఆయనకు ప్రైమ్, అంటే మాంచి ఊపుమీదుండే వయసు, అయిపోయి ఉంటుంది, అంతే. ఈ చిన్న ముక్క తెలియకనే లోకమంతా గెలుపని, ఓటమని తల బద్దలు కొట్టుకుంటోంది.

ఈ జ్ఞానం కోసం మీరెక్కడికో పోనక్కర్లేదు. ప్రొద్దుటూరు బస్టాండు వెనక, రేకుల కప్పు కింద ఉన్న టీ అంగడికి రండి చాలు. మూడూళ్ల బాక్సింగ్ సంఘం అక్కడే కూర్చుని ఉంటుంది. సంఘమంటే మరీ పెద్దగా ఊహించుకోకండి, ఉన్నది ముగ్గురే! జమ్మలమడుగులో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన ఆనందయ్య కార్యదర్శి. పులివెందుల దగ్గర చీనీ, అంటే బత్తాయి తోటలున్న ఓబుళరెడ్డి అధ్యక్షుడు. ప్రొద్దుటూరులో నగలు చేసే ముజమ్మిల్ కోశాధికారి. కోశం లేదు కాబట్టి ఆయనకు పని తక్కువ, మాట ఎక్కువ.

ఆనందయ్యకు మహమ్మద్ అలీ అంటే ప్రాణం. ఇంట్లో గోడకు ఒకవైపు ఏసు ప్రభువు పటం, ఇంకోవైపు అలీ పటం. ప్రభువును ఎవరైనా ఒక మాటంటే ఆనందయ్య క్షమిస్తాడు. అలీని అంటే మాత్రం చొక్కా చేతులు మడుస్తాడు! 1980లో లాస్ వేగాస్‌లో హోమ్స్ అనే బాక్సరు కొట్టిన దెబ్బలకు అలీ వైపువాళ్లే పదో రౌండు తర్వాత పోటీ ఆపించేశారు కదా, ఆ సంగతి ఎత్తి చూడండి.

“అది అలీ కాదప్పా, అలీ నీడ! ముప్పై ఎనిమిదేండ్లు వచ్చినాక ఎవుడైనా అంతే. ఆయప్ప ప్రైమ్ అరవై ఏడులోనే అయిపాయ!”

“మరి డెబ్బై నాలుగులో ఫోర్‌మన్‌ను ఎట్ల కొట్టినాడు మామా?” అంటాడు ఓబుళరెడ్డి, ఏమీ ఎరగనట్టు.

“ప్రైమ్ అయిపోయినాక గూడా కొట్టినాడు. అందుకే గదా శానా గొప్పోడు!”

చూశారా, ఎంత హాయో! గెలిస్తే గొప్పతనం, ఓడితే ప్రైమ్. ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు ఏ మతంలోనైనా ఉందా? ముజమ్మిల్‌దీ అదే దారి. ఆయన టైసన్ భక్తుడు. టైసన్‌ను పడగొట్టిన లూయిస్ పేరు వినబడగానే టీ గ్లాసు పక్కన పెట్టి, ఆ పొద్దు ఆడ రింగులో ఉన్నింది టైసనే కాదని మొదలుపెడతాడు.

వీళ్ల పుణ్యమా అని మా వైపు ఓటమి అనేదే లేకుండా పోయింది. ఓబుళరెడ్డి తోటలో బోరు ఎండిపోయింది. బోరును ఎవరైనా తప్పుపట్టారా? దాని ప్రైమ్‌లో అది పోసిన నీళ్లను తలుచుకుని అందరూ కంటతడి పెట్టారు. ముజమ్మిల్ తమ్ముడికి వార్డు ఎన్నికల్లో డిపాజిట్టు పోతే, ప్రైమ్ అయిపోయింది వార్డుకేనని తేల్చారు. మైలవరం పోయే బస్సు దారి మధ్యలో మొరాయిస్తే జనం కండక్టరు మీద పడకుండా, దిగి దాని పడుచుదనం గురించి చెప్పుకున్నారు. ఇంత శాంతి ఇంకెక్కడుంది, మీరే చెప్పండి!

అయితే ఇదేదో నోటికొచ్చినట్టు వాగడం అనుకునేరు. కాదు! పద్ధతి ప్రకారం జరిగే పంచాయితీ. పొలం గట్ల తగాదాలకు పెద్దలు పెట్టుకున్న మర్యాదలన్నీ ఓబుళరెడ్డి బాక్సింగ్‌కు పట్టుకొచ్చాడు. ఒకటి తెగకుండా ఇంకోటి ఎత్తుకోరాదు. తీర్పు రాకముందు, అందరూ ఒప్పుకుని వాయిదా వేసుకోకుండా లేచినవాడు ఓడినట్టే లెక్క. ఓడినవాడు గెలిచినవాడికి చొక్కా గుడ్డ పెట్టాలి. ఆ ఏడాది అలీ, హోమ్స్ పంచాయితీ ఉగాది తర్వాత మొదలైంది. వానలు వచ్చి పోయినా తెగలేదు.

సంఘానికి ఇంకో పని కూడా ఉంది లెండి, చెప్పడం మరిచాను. ముస్కాన్ అని ఒక పిల్ల. ఆనందయ్య ఇంటి వెనక ఇసుక మూటను గుద్దుతూ బాక్సింగ్ నేర్చుకుంది. తెల్లారకముందే మైలవరం డ్యాము కట్ట మీద పరిగెత్తేది. ఒకసారి ఆ మూటను పట్టుకుని నిలబడ్డ ఆనందయ్య, ఆ పిల్ల ఎడమచేతి దెబ్బకు మూటతో సహా వెళ్లి కోళ్లగూటి మీద పడ్డాడు. నడుం పట్టుకుని కూడా మురిసిపోయాడు. అంత సంతోషం అలీ కూడా ఇవ్వలేదని ఆ రోజు ఇంట్లో అన్నాడట.

ముస్కాన్‌కు పద్దెనిమిదేళ్లు. రాష్ట్ర యూత్ పోటీలకు అదే ఆఖరు ఏడు. తల్లి చాంద్‌బీ ముందే తెగేసి చెప్పింది. “ఈ ఏడు పోయిరా, వద్దనను. వయసు దాటితే మాత్రం ఆ మాటే ఎత్తొద్దు. బట్టలంగట్లో చేరు.”

ముస్కాన్ పోవాలంటే సంఘం చేయాల్సిందల్లా ఒకటే. కార్యదర్శి కడపలోని జిల్లా సంఘానికి ఫోన్ చేసి పేరు చెప్పాలి. వేరే ఎవరు చెప్పినా చెల్లదు. రెండు నిమిషాల పని, ముగ్గురిలో ఎవరికీ అభ్యంతరం లేదు. అందుకే దాన్ని ఆఖర్న పెట్టారు. తగాదా లేని విషయానికి తొందరేముంటుంది, మీరే చెప్పండి?

గడువు ఆఖరి రోజు రానే వచ్చింది. మధ్యాహ్నానికి ముస్కాన్ టీ అంగడి ముందు నిలబడింది.

“సార్, సాయంత్రం అయిదుకు బంద్ చేస్తారంట.”

“ఈడ్నే ఉండు మా. ఓబుళరెడ్డికి జవాబు తోచకుండా ఉండాది. ఇంగొక్క మాటకు పడిపోతాడు!”

చిక్కేమిటంటే ఆ రేకుల కింద ఫోన్‌కు సిగ్నల్ రాదు. రోడ్డు మీదికి పోవాలి. పోవాలంటే లేవాలి. లేస్తే అలీ ఓడినట్టే! ఆనందయ్యకు ఒక పక్క వాకిట్లో పిల్ల, ఇంకో పక్క లాస్ వేగాస్‌లో అలీ. రెండుసార్లు కుర్చీ అంచుదాకా జరిగాడు.

“ఏం మామా, లేస్తాండావా?” అని ఓబుళరెడ్డి మీసం దువ్వాడు.

అంతే, మళ్లీ వెనక్కి జారగిలబడ్డాడు. మీరు ఆయన్ని తప్పుపట్టకండి. నలభై ఏళ్ల కిందట జరిగిపోయిన పోటీని కాపాడటం మాటలా? ఇంకా జరగని పోటీని ఎవరైనా కాపాడతారు!

నాలుగయింది. “సార్” అంది ముస్కాన్. ఆయన చేయెత్తి ఆగమన్నాడు. అప్పుడు నడుస్తున్నది ఆ పోటీకి ముందు అలీ వేసుకున్న థైరాయిడ్ మాత్రల చర్చ. ఎంత కీలకమో మీకు వేరే చెప్పాలా?

అయిదు దాటాక ఓబుళరెడ్డి గడియారం చూసుకుని, పులివెందుల బస్సు పోతుందని గబుక్కున లేచాడు.

“లేచినావ్! లేచినావప్పో!” ఆనందయ్య చప్పట్లు కొట్టాడు. అలీకి ప్రైమ్ అయిపోయిన మాట నిజమేనని ముజమ్మిల్ తీర్పు చెప్పాడు. లాస్ వేగాస్‌లో అందని న్యాయం ప్రొద్దుటూరులో అందింది!

ఆ ఊపులోనే ఆనందయ్య రోడ్డు మీదికి ఉరికి కడపకు ఫోన్ కలిపాడు. బంద్ అయిపోయిందన్నారు. బతిమాలాడు. బామాలాడు. పెట్టేశారు. వెనక్కి తిరిగి చూస్తే ముస్కాన్ లేదు, జమ్మలమడుగు బస్సు ఎక్కేసిందట. ఆయన అక్కడే అంగడి మెట్టు మీద కూర్చున్నాడు.

సంక్రాంతి పోయాక చొక్కా గుడ్డ బాకీ తీర్చడానికి ఓబుళరెడ్డి ఇద్దరినీ వెంటేసుకుని ప్రొద్దుటూరులో ఒక బట్టలంగడికి పోయాడు. కౌంటరు వెనక ముస్కాన్ తాన్లు సర్దుతోంది. ఆనందయ్య తల దించుకున్నాడు. ముజమ్మిల్ ఊరుకుంటాడా?

“ఈ పాప పోయింటే పతకం తెచ్చిండునా అంట?”

“బంగారమే తెచ్చిండును!” అన్నాడు ఓబుళరెడ్డి.

“యాడ తెస్తాది? మొదటి రౌండులోనే ఇంటికొచ్చిండును!”

ఇద్దరూ స్టూళ్లు లాక్కున్నారు. కొత్త పంచాయితీకి వేళయింది. ముస్కాన్ తాను విప్పుతూ ఆనందయ్య వంకే చూసింది.

“అలీ అరవై ఒక్కసారి రింగెక్కినాడు సార్. అందుకే ఆయప్ప మింద ఎన్నేండ్లయినా కొట్లాడుకోవచ్చు. నన్ను ఒక్కసారి ఎక్కించింటే, ఓడిపోయినా గానీ, మీకు కొట్లాడుకునేదానికి ఏదో ఒకటి ఉన్నిండును.”

తర్వాత గుడ్డ మీద స్కేలు పెట్టి, “ఎన్ని మీటర్లు చించమంటారు సార్?” అని అడిగింది.

రెండుంబావు చాలని ఓబుళరెడ్డే చెప్పాడు.