కుడితి తాగే మిషను

అమ్మలారా, నా మాట నమ్మండి: తుక్కు నమిలే మిషను లేని వంటిల్లు వంటిల్లే కాదు! ఎన్నాళ్ళని కూరగాయ తొక్కులు కుండలో పోసుకుని కూర్చుంటాం?

ఆ భాగ్యం ముందుగా చీపురుపల్లిలో తాయారుకు పట్టింది. ఇంటికి కరెంటు వచ్చిన కొత్త. ఆవిడ మొగుడు నరసింగరావు విశాఖపట్నంలో ఎవరో దొర బంగళా సామాను వేలం వేస్తుంటే ఆ మిషను పాడుకుని తెచ్చాడు. గిన్నెలు కడిగే తొట్టి అడుగున బిగిస్తే చాలు, పడేసిందల్లా పిండిచేసి గొట్టంలోంచి కాలవలోకి తోసేస్తుంది.

ఎంచుకోవడం ఎలాగంటారా? గేదెను కొన్నట్టే! పళ్ళు చూడాలి, బలం చూడాలి, అరుపు వినాలి. ఇది అరిస్తే రైలొచ్చిందనుకుని స్టేషనుకు పరిగెత్తినవాళ్ళున్నారు. మీట నొక్కితే వీధి దీపాలన్నీ మినుకుమినుకుమనేవి. కుళాయి లేదు గనుక తాయారు నూతిలో నీళ్ళు తోడి దాని గొంతులో పోసేది. సుఖం ఊరికే వస్తుందా?

ఒక్కటే చిక్కు. ఆ ఇంట్లో తుక్కు లేదు! బీరతొక్కు పచ్చడికి, చింతపండు పిప్పి ఇత్తడి బిందెకు, గంజి నరసింగరావు చొక్కాకు. (మా మేనత్తయితే గుమ్మడి గింజలు కూడా ఎండబెట్టి దాచుకునేది, అది వేరే కథ.) ఇంకా మిగిలిన కడుగూ, తొక్కూ పెరటి గోడ అవతల అసిరమ్మ గేదెకు కుడితి. పొద్దున్న కుడితి గోడ దాటేది, మధ్యాహ్నం చెంబుడు మజ్జిగ ఇవతలికి వచ్చేది. అడగడమూ లేదు, లెక్క పెట్టడమూ లేదు, అలా జరిగిపోయేది.

నరసింగరావు కుడితికుండ బోర్లించేశాడు. మిషను ఆకలితో ఉండకూడదని దగ్గర కూర్చుని బీరకాయ తొక్కు మందంగా తీయించాడు. పచ్చడి పోయింది. కొన్నాళ్ళకు కూరలో కాయ కూడా కనబడలేదు. చూశారా, మిషను రాకముందు పాపం వాళ్ళకి పారేయడం కూడా చేతకాదు!

మజ్జిగా ఆగిపోయింది. తాయారు అత్త లక్ష్మీనరసమ్మకు పళ్ళు లేవు, మజ్జిగన్నం తప్ప ముద్ద దిగదు. చారన్నం కాసేపు నాలిక మీద తిప్పి, కంచం పక్కకు నెట్టేసేది. మనిషి రోజురోజుకీ చిక్కిపోతూంటే చూడలేక, తాయారు చెంబు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది.

అసిరమ్మ గేదెకు గడ్డి వేస్తూ తల తిప్పకుండానే అంది:

"మిసన్ని పితుక్కో వదినా. కుడితి తాగింది అదే కదేటి."

మర్నాడు కుండ మళ్ళీ నిలబడింది. తొక్కు పలచబడింది. నరసింగరావు అలగబోయాడుగానీ, తల్లి ఖాళీ చేసిన కంచం చూసి ఊరుకున్నాడు.

మొన్న శ్రీకాకుళం నుంచి ఆయన ఆఫీసరుగారు మిషను చూద్దామని వచ్చారు. తీరా చూస్తే ఇంట్లో తొక్కు ముక్క లేదు! నరసింగరావు స్వయంగా ముంత పట్టుకుని గోడ దగ్గర నిలబడి, కాస్త కుడితి బదులడిగాడు.

"ఉండన్నా," అంది అసిరమ్మ. "గేది తాగీసినాక మిగిల్తే సూద్దుం."