ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో జాతకం

దుకాణంలో ఉన్న నాలుగు కంప్యూటర్లూ నాలుగు రకాలుగా ఏడవడం కంటే యజమానికి మహాభాగ్యం ఇంకొకటి లేదు! నమ్మరా? అయితే 1997లో ఆర్మూర్ బస్టాండు ఎదుట తుకారాం సేటు నడిపిన డీటీపీ సెంటర్ సంగతి వినాలి. పెళ్లికార్డులు, పసుపు దుకాణాల పాంప్లెట్లు, గల్ఫ్ పోయేవాళ్ల బయోడేటాలు, అన్నీ అక్కడే. వాటిని కొట్టేది నలుగురు ఆడవాళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో కంప్యూటర్.

మొదటి కంప్యూటర్‌లో బ్యాటరీ పోయింది. పొద్దున ఆన్ చేయగానే అది 1980 జనవరిలోకి వెళ్లి కూర్చునేది. దాని పుణ్యాన 1976లో పుట్టిన ముప్కాల్ కుర్రాడొకడు నాలుగేళ్ల వయసులోనే క్రేన్ డ్రైవర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నట్టు అచ్చయింది. అంత చిన్న వయసులో అంత అనుభవం ఏ కంపెనీకి చేదు?

తెలుగు అక్షరాలు రెండోదాంట్లోనే ఉండేవి. అక్కడ కొట్టిన పెళ్లికార్డును ఇంకోదాంట్లో తెరిస్తే వరుడి పేరు ఉండాల్సిన చోట కొక్కేలూ డబ్బాలూ వేలాడేవి. నాలుగోదాని మౌస్‌ను ఎడమచేతివాటం సత్తవ్వ తనకు వీలుగా మార్చి పెట్టుకుంది. వేరెవరు ముట్టినా ఒకటి నొక్కితే ఇంకోటి అయ్యేది. ఇక ప్రింటర్ మూడోదాని మాటే వినేది, మూడోది గంగమణి మాటే వినేది.

అన్నింటినీ ఒకే తీరుగా సెట్ చేద్దామని గంగమణి ఎంత చెప్పినా తుకారాం ఒప్పుకోలేదు. నాలుగింటినీ నాలుగు ముహూర్తాల్లో కొన్నాడాయె, దసరాకు పసుపు కుంకుమ కూడా పెట్టాడాయె.

"దేని జాతకం దానిది. కదిలియ్యకు," అనేవాడు.

ఎంత ముందుచూపు! మిషన్ కదలకపోతే మనిషీ కదలదు కదా.

కానీ గంగమణికి కదలాల్సిన రోజు వచ్చింది. మూడేళ్ల తర్వాత ఆమె భర్త గంగాకిషన్ మస్కట్ నుంచి వస్తున్నాడు.

"సేటూ, ఓ వారం సెలవియ్యుండ్రి."

"నువ్వు పోతే గా మూడోదాన్ని ఎవ్వలు నడుపుతరు? కిషన్ యాడికి పోతడు? పొద్దుమీకి ఇంటికి పోయినంక చూసుకో."

గంగమణికి ఒళ్లు మండింది. సేటు భీమ్‌గల్‌కు పెళ్లికి వెళ్లిన రోజు చూసి బ్యాటరీ మార్చింది. అక్షరాలను ఫ్లాపీల్లో ఎక్కించి నాలుగింట్లోనూ దింపింది. ప్రింటర్ వైరు దేనికి తగిలించినా పనిచేసేటట్టు చేసింది. సత్తవ్వను బతిమాలి ఆ మౌస్‌నూ అందరి దారికి తెచ్చింది.

మర్నాడు సేటు జాతకాల ఊసెత్తలేదు. ఎవరు ఎక్కడ కూర్చున్నా పని సాగిపోతుంటే ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఫికర్ చెయ్యకు, పో బిడ్డా. వారమెందుకు? మళ్ల రాకున్నా నడుస్తది. ఇగ నీ పని సత్తవ్వ జేస్తది గదా."

చూశారా, పాఠకులారా! ఏ మనిషి వారం లేకపోతే దుకాణం మునిగిపోతుందన్నాడో, ఆ మనిషే తెల్లారేసరికి ఎప్పటికీ అక్కర్లేకుండా పోయింది. గంగమణి చెప్పులు తొడుక్కుంది. సత్తవ్వా, మిగతా ఇద్దరు ఆడపిల్లలూ తలెత్తకుండా అంతా విన్నారు.

రెండు రోజులైనా కాలేదు, తుకారాం గంగమణి ఇంటి ముందు నిలబడ్డాడు. ఒక కంప్యూటర్‌లో తారీఖు పోయిందట, ఇంకోదాంట్లో అక్షరాలు పోయాయట, ప్రింటర్ అసలు పలకడమే లేదట. పెళ్లికార్డుల కోసం వచ్చిన లగ్గాలవాళ్లు దుకాణంలో కూర్చుని లేవడం లేదట. ఏమైందని అడిగితే ముగ్గురూ ఒక్కటే మాట:

"మాకేం ఎరుక సేటూ, గంగమణక్కకే ఎరుక."

మిషన్లు మళ్లీ నాలుగు రకాలయ్యాయి. ఈసారి మనుషులే ఒక్క తీరయ్యారు.

అరుగు మీద గంగాకిషన్ చాయ్ తాగుతున్నాడు. గంగమణి లోపలికి వెళ్లి సేటుకూ ఓ కప్పు తెచ్చి చేతికిచ్చింది.

"తాగి పోండ్రి సేటూ. వారమైనంక వస్త."