జంపయ్య రాయి మాయమైన కేసు

“నేరస్థుడు భూమ్మీద ఎక్కడ కాలుపెట్టినా, ఆ చప్పుడు ముందుగా వినిపించేది నా బుర్రలోనే, సుకుమార్,” అని షాలేమ్‌రాజు ప్రకటించాడు. అప్పుడు మేం మణుగూరులో గని ల్యాంపుల గదిలో, మొదటి షిఫ్టు వాళ్ళ దీపాలు చార్జింగుకు పెడుతున్నాం. అతను పెట్టిన దీపం తలకిందులుగా ఉంది. నేను సరిచేశాను. పదకొండేళ్ళుగా నా ఉద్యోగంలో సగం అదే.

2006 నాటికి డ్యూటీ లేని వేళల్లో డిటెక్టివ్‌గా అతను ఛేదించిన కేసులు మూడు. సైకిలు పోయిన కేసులో యజమాని బామ్మర్దిని దొంగగా తేల్చాడు. సైకిలు రిపేరు షాపులో ఉంది. అక్కడ ఇచ్చింది యజమానే. మిగతా రెండింటి గురించి అతను చెప్పడు కనక నేనూ చెప్పను.

నాలుగో కేసు తెచ్చింది సారక్క. పినపాక రోడ్డులో వాగు పక్కన టీకొట్టు నడుపుతుంది, యాభై దాటాయి. కొట్టుకు ఎదురుగా రోడ్డు వారన నడుమెత్తు రాయి ఒకటి ఉండేది. ఆమె ఉయ్యాలలో ఉన్నప్పుడు గోదావరి పొంగి వాగు ఎదురుతన్నింది. ఆమె తండ్రి జంపయ్య నాటుపడవలో నలభై మందిని గట్టుకు చేర్చి, ఆ తర్వాత జ్వరంతో పోయాడు. బతికినవాళ్ళు రాయి చెక్కించి నాటారు. ఆయనకు ఫొటో లేదు. ఉన్నది ఆ రాయే. సోమవారం పొద్దున కొట్టు తెరిచేసరికి అదీ లేదు.

పైగా రోడ్డు వెడల్పు చేస్తున్నారు, వారన కంకర కుప్పలు పోస్తున్నారు. బుధవారం సర్వేయర్ ఆదినారాయణ వచ్చి, దారి పక్కన కాపాడాల్సిన గుర్తులన్నీ రాసుకుంటాడు. ఆయన కాగితంలో లేనిదానికి కొత్త రోడ్డు పక్కన జాగా ఉండదు.

“బుధారంలోపు దొరకకపోతే మా నాయిన పుట్టినట్టే ఎవలకు ఎరుకుండదు బిడ్డా,” అంది సారక్క.

షాలేమ్‌రాజు ఆ సాయంత్రమే నా స్కూటరు మీద ఘటనాస్థలానికి చేరాడు. మట్టి చిటికెడు తీసి వాసన చూసి తుమ్మాడు. ఇది అంతర్జాతీయ ముఠా పని అనీ, రాయి ఈపాటికి ఓడెక్కడానికి సిద్ధంగా ఉంటుందనీ చెప్పాడు. తర్వాత అరగంటసేపు అనుమానాస్పదమైన చెప్పు గుర్తులను టేపుతో కొలిచాడు. అవి అతని చెప్పులవేనని నేను చెప్పాక, ముఠా తన చెప్పులు కూడా వాడుతోందని నోటుబుక్కులో రాసుకున్నాడు.

మంగళవారం అనుమానం తోమాసు మీదికి మళ్ళింది. తోమాసు సమాధి రాళ్ళు చెక్కుతాడు. పాత రాయి దొంగిలించి, పేరు గీకేసి, కొత్త పేరు చెక్కితే ఎవరు గుర్తుపడతారన్నది షాలేమ్‌రాజు వాదన. రాయి కొనేవాళ్ళలా నటిస్తూ ఇద్దరం అతని పెరట్లోకి వెళ్ళాం. తోమాసు మర్యాదగా కుర్చీలు వేసి, పోయిందెవరని అడిగాడు. షాలేమ్‌రాజు ఆ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. నన్ను చూపించాడు.

తోమాసు నావైపు చూసి, వయసెంతని అడిగాడు. చెప్పాను. చిన్న వయసేనని నొచ్చుకుని నా పొడవు రాసుకున్నాడు.

ఇంతలో షాలేమ్‌రాజు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గోడకానించిన రాళ్ళన్నిటి మీదా ‘జ’ అక్షరం ఉంది. జంపయ్య పేరు గీకగా మిగిలిన మొదటి అక్షరమే అదని అతను బయటికొచ్చాక చెప్పాడు. అది ‘జననం’లోని జ అని నేనన్నాను. ఏడు రాళ్ళ మీదా అదే అక్షరం ఉండటం యాదృచ్ఛికమా అని అతను నన్నే నిలదీశాడు.

బుధవారం పొద్దున ఆదినారాయణ వచ్చేసరికి షాలేమ్‌రాజు అందరినీ వాగు దగ్గర పోగుచేశాడు. సారక్క, తోమాసు, కంకర తోలే టిప్పరు డ్రైవరు రామ్‌సింగ్ ఉన్నారు. ఆదినారాయణ కాగితం తీసి, రాయి ఎక్కడని సారక్కనే అడిగాడు. ఆమె ఖాళీ జాగా వైపు చెయ్యి చూపించింది. ఆయన పెన్ను మూత పెట్టబోయాడు.

షాలేమ్‌రాజు ఆగమని చెయ్యెత్తి, అందరికీ కనపడాలని పక్కనే ఉన్న కంకర కుప్ప ఎక్కాడు.

“ఈ రాయిని మాయం చేసిన హస్తం మన మధ్యే ఉంది,” అని వేలు చాచి తోమాసు వైపు ఒక అడుగు ముందుకేశాడు.

అడుగు వెయ్యడానికి అక్కడేమీ లేదు. కుప్ప ఒకవైపు జారింది. దాంతోపాటు షాలేమ్‌రాజు మోకాళ్ళదాకా దిగబడి, అడుగున దేనికో కాలు కొట్టుకుని ఆగాడు. నేనూ తోమాసూ కంకర లాగి అతని కాలు బయటికి తీశాం. దాని కింద రాయి పడుకుని ఉంది.

రామ్‌సింగ్ తల గోక్కున్నాడు. “ఐతారం రివర్స్‌ల ఏదో తగిలినట్టయింది సారూ. గుంత అనుకొని కంకర పోసిన.”

రాయి పూర్తిగా బయటికొచ్చాక, ఇన్నేళ్ళూ మట్టిలో ఉన్న సగం కూడా కనిపించింది. రోడ్డు ఎత్తు పెంచిన ప్రతిసారీ పోసిన మట్టి దాన్ని కప్పేసింది. అక్కడా అక్షరాలున్నాయి. సారక్కకు చదువు రాదు. ఏం రాసుందని షాలేమ్‌రాజునే అడిగింది. అతను కుంటుతూ వచ్చి గొంతు సవరించుకున్నాడు.

“కేసు లెక్క కాదు బిడ్డా. మామూలుగ చదువు,” అంది సారక్క.

అతను మామూలుగానే చదివాడు. “పడవ నడిపినవాడు జంపయ్య. తెడ్డు వేసినది భార్య ముత్తక్క. ఇద్దరూ మాకు ప్రాణం పోశారు.”

సారక్క రాయి పక్కనే కూలబడింది. పైట చెంగుతో ఆఖరి వరసలోని మన్ను తుడిచింది.

“మా అమ్మ చెప్పేది, పడవల నేను గూడ ఉన్న అని. ముసల్ది కలవరిస్తున్నది అనుకున్నం. పోయేదాంక చెప్పింది. ఒక్కసారి గూడ నేను అవ్ అనలే.”

షాలేమ్‌రాజును మళ్ళీ చదవమంది. చదివాడు. ఆదినారాయణ పెన్ను మూత తీసి రెండు పేర్లూ రాసుకున్నాడు. తోమాసు గడ్డపార తెచ్చి, ఎంత లోతు తవ్వమంటావని సారక్కను అడిగాడు.

“మా అమ్మ పేరు మన్నుల కలవకుంట ఎంతైతే గంతే,” అంది.